డబ్బాలో పడని నూనె

అక్క వ్యాన్ సైలెన్సర్‌లోంచి నీలిపొగ వస్తోందని మేస్త్రికి ఐదు నెలలుగా తెలుసు. బండి తన మెకానిక్ షెడ్డు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ చేతిలో పని ఆపి, ఆ పొగ గాలిలో కలిసిపోయేదాకా చూసేవాడు. ఇంజిన్‌లో తను వేసిన కొత్త రింగులు సర్దుకునేదాకా అలాగే ఉంటుందిలే అని మొదట్లో తనకు తనే చెప్పుకున్నాడు. తర్వాత ఏమీ చెప్పుకోవడం మానేశాడు.

అక్కది లాండ్రీ. మూడు ఆసుపత్రుల దుప్పట్లు, గలేబులు ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి తనే వ్యాన్ నడుపుకుంటూ వెళ్ళి ఇచ్చి వస్తుంది. ఆ ఉదయం ఒక ఆసుపత్రిలో సామాన్లు చూసుకునే ఆవిడ మూట విప్పి, ఒక దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని, మాడిన నూనె వాసన రావడంతో, "వీటిని ఉతికారా, వేయించారా?" అందట. మూటలన్నీ వెనక్కి పంపేసింది. అక్క ఆ మూటలతోనే నేరుగా షెడ్డుకు వచ్చింది.

"ఒరేయ్, స్టాండులో డ్రైవర్లు ఏదో డబ్బా పెట్టించమంటున్నారు. క్యాచ్ క్యానట. అది పెడితే నూనె పొగ పోతుందట కదా, నిజమేనా?"

"స్టాండులో వాళ్ళకేం పని? చెబుతూనే ఉంటారు."

"నేనడిగింది వాళ్ళ సంగతి కాదు. డబ్బా సంగతి."

డబ్బాలో మాయేమీ లేదు. ఇంజిన్ తిరుగుతుంటే దాని కడుపులో ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరిలో నూనె తుంపర ఉంటుంది. ఒక గొట్టం ఆ ఆవిరిని తీసుకెళ్ళి మళ్ళీ ఇంజిన్ పీల్చుకునే గాలిలోనే కలుపుతుంది. క్యాచ్ క్యాన్ ఆ గొట్టం మధ్యలో కూర్చుని నూనెను పట్టి ఉంచుతుంది. అంతే.

"పెట్టడం ఎంతసేపక్కా! కానీ వారం వారం దాన్ని విప్పి ఒంపాలి. మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. నీకున్న తీరికలో..."

"రోజూ ఇన్ని దుప్పట్లు ఉతికేదాన్ని, చెంబెడు డబ్బా ఒంపలేనా?"

"అయినా నేను కొత్తగా కట్టిన ఇంజిన్. దానికి డబ్బాలెందుకు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తన భయం ఎక్కడుందో అతనికే తెలియలేదు.

అందరూ అతన్ని గోరు మేస్త్రి అంటారు. పిస్టన్‌కు వేసే రింగుల్లో రెండోదానికి పైకీ కిందికీ తేడా ఉంటుంది. పైకి ఉండాల్సిన వైపు చిన్న చుక్క కొట్టి ఉంటుంది. మిగతా మేస్త్రీలు వెలుతురులో తిప్పి తిప్పి చూస్తే, ఇతను బొటనవేలి గోటితో ఒక్కసారి తడిమి చుక్క ఎటుందో చెప్పేసేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. ఈమధ్య వచ్చే రింగుల మీద చుక్క లోతుగా ఉండడం లేదు. పైపైన అచ్చేసినట్టుంటుంది. గోటికి తగలదు.

అక్క ఇంజిన్ కట్టిన రోజున రెండు రింగుల దగ్గర గోటికి ఏమీ తగల్లేదు. కళ్ళ దగ్గర పెట్టుకుంటే అంతా మసక. చెయ్యి చాపి దూరంగా పట్టుకుంటే చుక్కే కనబడలేదు. పక్క షెడ్డు మేస్త్రిని పిలిచి అడిగితే అరనిమిషం పని. కానీ గోరు మేస్త్రి వెళ్ళి పక్కవాణ్ణి అడగడమా! ఇటే అయి ఉంటుందని వేసేశాడు. తిరగబడిన రింగు నూనెను కిందికి గీకే బదులు పైకి తోస్తుంది. అక్కడ అది కాలి పొగవుతుంది.

అందుకే డబ్బా వద్దన్నాడు. డబ్బాలోకి నూనె బాగా చేరి పొగ ఆగిందంటే, తప్పు గొట్టం దారిలో ఉన్నట్టు. డబ్బా ఖాళీగా ఉండి పొగ వస్తూనే ఉంటే, తప్పు తన చేతిలో ఉన్నట్టు.

అక్క మూటల వైపు చూసింది. మళ్ళీ ఉతకాలి అవన్నీ.

"సరే, పెడతాను. పది రోజులు చూద్దాం" అన్నాడు.

ఆ పది రోజులూ అతను మనసులో కోరుకున్నది ఒకటే, డబ్బా నిండాలని.

పదకొండో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. అతను డబ్బా అడుగు విప్పి గిన్నెలోకి ఒంపాడు. పలచని టీ రంగులో చెమ్చాడు నీళ్ళు పడ్డాయి.

"ఇంతేనా! అయితే ఇంజిన్ బాగున్నట్టేగా" అని అక్క సంబరంగా బండెక్కి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కింది. వెనకాల నీలిపొగ భుగ్గుమంది. "ఇంకా వస్తోందే! డబ్బా చిన్నదైందేమోరా, పెద్దది పెట్టు."

ఎంత సులువైన దారి చూపించిందో ఆవిడకు తెలియదు. పెద్ద డబ్బా పెట్టొచ్చు. బండి పాతదైపోయిందక్కా అనొచ్చు. నమ్ముతుంది. ఇంజిన్ల విషయంలో తమ్ముడి మాటకు ఆవిడ ఏనాడూ ఎదురు చెప్పలేదు.

అతను గిన్నెను బెంచీ మీద పెట్టాడు.

"డబ్బా చిన్నది కాదక్కా. నూనె ఆ దారిన రావట్లేదు."

"మరి?"

"రింగుల దగ్గర్నుంచి. తిరగేసి వేశాననుకుంటా."

"అనుకుంటావా?"

"వేశాను. ఆ రోజే అనుమానం వచ్చింది. కళ్ళకి ఆనలేదు."

అక్క ఇంజిన్ ఆపేసింది.

"ఐదు నెలలు! సబ్బు మార్చాను. నీళ్ళు మార్చాను. ఇస్త్రీ చేసే పిల్లని నానా మాటలూ అన్నాను, పాపం. నువ్వేమో ఇక్కడ నిలబడి నా బండి పొగ చూస్తూ ఉన్నావు."

"చూశావా నువ్వు?"

"అద్దంలో కనబడవూ? పాపం, తమ్ముడు నాకోసం చూస్తున్నాడనుకున్నాను."

అతనికి తలెత్తబుద్ధి కాలేదు. "ఇంజిన్ దించుతానక్కా. నాలుగు రోజులు పడుతుంది. వేరే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తానన్నా నేనేమీ అనుకోను."

"వేరేవాడైతే నాతో నిజం చెబుతాడా?" అంటూ ఆవిడ బండి దిగింది. "నువ్వే దించు. కానీ ముందు కళ్ళద్దాలు. అవి ముక్కు మీద ఉంటేనే నా బండి మీద చెయ్యి వెయ్యి."

మూడు రోజుల తర్వాత, కొత్త కళ్ళద్దాల కాడలు చెవుల వెనక గుచ్చుకుంటుంటే, అతను పిస్టన్లు బయటికి తీశాడు. రెండు రింగుల చుక్కలూ కిందికి చూస్తున్నాయి. చుక్కలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, కనబడలేదని ఎవరితోనైనా చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

రింగులు తుడిచి గుడ్డ మీద వరసగా పేర్చాడు. అప్పుడు తట్టింది. అక్క బండి తర్వాత ఇలాంటి రింగులతోనే ఇంకో ఇంజిన్ కట్టాడు, డ్రైవింగ్ స్కూలు కారుది. సరిగానే పడ్డాయేమో. పడలేదేమో. ఎవరూ ఏమీ అనలేదు. అక్క మాత్రం ఐదు నెలలు ఏమన్నదని?

చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"ఏం గోరు మేస్త్రీ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అన్నాడు అవతల డ్రైవింగ్ నేర్పే మాస్టారు.

"బండిలో పొగేమన్నా వస్తోందా మాస్టారూ?"

"కొంచెం వస్తోంది. మా నేర్చుకునేవాళ్ళు తొక్కే తొక్కుడికి రాక ఏం చేస్తుంది? రోజూ తిడుతూనే ఉన్నాను."

"వాళ్ళని తిట్టకండి" అన్నాడు మేస్త్రి. "తప్పు నాదై ఉంటుంది. బండి తీసుకురండి, విప్పి చూస్తాను."