రేఖ మాట్లాడనన్న రోజు

ఉప్పలరేవులో ఆమెని రేఖ అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ రేకమ్మే. నౌపడ స్టేషన్లో రైలు దిగి, మొగుడు ప్రమోద్ వెనకాల తలమీద రేకుపెట్టెతో ఉప్పుమడుల గట్ల వెంట ఈ ఊరికి నడిచొచ్చిన నాటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. పుట్టిల్లు ఝార్ఖండ్‌లో అడవి పక్క పల్లె. అక్కడి మాట సాద్రి. తెలుగనే భాష ఒకటుందని కూడా రైలెక్కేదాకా ఆమెకి తెలీదు.

మడుల్లో పనికి దిగిన మొదటి రోజున ఎటు చూసినా ఆడవాళ్ళు ఉప్పుతట్టలు నెత్తిన పెట్టుకుని "జరుగు, జరుగు" అని అరుస్తూ వస్తున్నారు. జరుగు అంటే ఎవరిదో పేరు కాబోలనుకుని, ఆ మనిషి ఎవరా అని రేఖ గట్టు మధ్యన నిలబడి చుట్టూ చూసింది. వెనకనుంచి తట్టతో వస్తున్న దాలమ్మ అనే ఆమె భుజంతో ఒక్క తోపు తోసింది. రేఖ వెళ్ళి ఉప్పునీళ్ళలో చతికిలబడింది.

"జరుగంటే ఇదే," అంది దాలమ్మ, చెయ్యిచ్చి పైకి లాగుతూ.

మొదటి మాట అలా వచ్చింది. తక్కినవి కూడా ఆ దాలమ్మే నేర్పింది. ముందు చేపల పేర్లు, తరవాత వరసలు, ఆ తరవాత తిట్లు. మూడో ఏడు వేసవిలో కుళాయి దగ్గర బిందె వరస కోసం ముగ్గురితో తగువాడి రేఖ గెలిచింది. ఆ రోజు దాలమ్మ వీధి వీధంతా వినపడేలా "దీనికి ఇంక తెలుగొచ్చిసినట్టే" అని తీర్పు చెప్పింది.

ప్రమోద్‌కి మాత్రం రాలేదు. అతను టెక్కలి రోడ్డులో రాళ్ళకి నునుపు పెట్టే మిల్లులో పని చేసేవాడు. ఆ మిషన్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పదహారేళ్ళలో అతనికి పట్టుబడ్డ తెలుగు ముక్కలు ఓ నలభై ఉంటాయేమో. ఊళ్ళో అందరికీ నవ్వుతూ తలూపేవాడు. ఊరు కూడా తిరిగి తలూపేది. దానివల్ల ఇన్నేళ్ళలో ఎవరికీ ఏ లోటూ రాలేదు.

మోకాళ్ళు పట్టేయడంతో రేఖ మడుల పని మానేసి రైల్వేగేటు దగ్గర తోపుడుబండి పెట్టింది. బియ్యం, శెనగపప్పు నానేసి రుబ్బి, నూనెలో బూరెల్లా పొంగించే ధుస్కా ఆమె పుట్టింటి వంట. ఊరికి ఆ పేరు నోరు తిరగలేదు. రేకమ్మ బూరి అన్నారు. ఆమె కూడా పట్టుబట్టలేదు. బంగాళాదుంప కూర పక్కన వేరుశెనగ చట్నీ వేసేసరికి, గేటు పడితే రైలెప్పుడు వెళ్ళిందో కూడా చూసుకోనంతగా మనుషులు ఆ బండి చుట్టూ మూగేవారు.

మొన్నటి చలికాలంలో ఆమె పుట్టింటి వైపునుంచి పదకొండు కుటుంబాలు కొత్తగా వచ్చాయి, ఉప్పు ఎగుమతి పనికి. పని ఇచ్చింది ఉప్పు వ్యాపారి నరసింగరావే. గోడౌను ఆయనది, బస్తాలు ఆయనవి, ఊరి వర్తక సంఘానికి పెద్ద కూడా ఆయనే. ఆ కుటుంబాల్లో ఫూల్మణి అనే పాతికేళ్ళ మనిషి ఉంది. గోనె కుట్టడంలో ఆమె చెయ్యి ఎంత చురుకో, మాట అంత తక్కువ.

సంక్రాంతి వెళ్ళాక నరసింగరావు ఏదో పేరు తప్పు దిద్దించుకోడానికి పట్నంలో బేంకుకి వెళ్ళాడు. కౌంటర్లో కూచున్న కుర్రాడికి హిందీ తప్ప రాదు. గంటసేపు నిలబెట్టి, ఈయన చెప్పింది అర్థంకాక, పక్కవాడితో ఏదో అని నవ్వాడు. నరసింగరావు కాగితాలు చంకన పెట్టుకుని తిరిగొచ్చేశాడు. వారం తిరక్కుండా సంఘంలో తీర్మానం చేయించాడు. ఉగాది నుంచి కూలీలుండే లైను ఇళ్ళల్లో గదులూ, గేటు దగ్గర బళ్ళూ తెలుగు వచ్చినవాళ్ళకే. ఎవరికి వచ్చో ఎవరికి రాదో ఆదివారం తుఫాను షెల్టర్లో పరీక్ష పెట్టి తేలుస్తారు.

రేఖ బండి దగ్గర దాలమ్మని కూచోబెట్టి నరసింగరావు కొట్టుకి వెళ్ళింది.

"బాబూ, ఇదేటి ఈ కొత్త రూలు?"

"నీక్కాదులే రేకమ్మా. నీ తెలుగు నా తెలుగు కన్నా బాగుంటాది. ఆ కొత్తగా వచ్చినోళ్ళకి."

"ఆళ్ళొచ్చి మూడు నెల్లు కాలేదు."

"అయితే? నా ఊళ్ళో నా మాట నానడక్కూడదేటి? బేంకులో ఆ గుంటడు నా మొకం మీదే నవ్వేడు. నా జిల్లాలో కూకుని నా మాట తెల్దంట ఆడికి!" అరవై ఏళ్ళ మనిషి, ఆ ఒక్క గంటని ఇంకా మింగలేకపోతున్నాడు.

రేఖకి ఆ మంట తెలుసు. వచ్చిన కొత్తలో రేషను లైన్లో, ఆసుపత్రిలో ఆమె కూడా అలాగే నిలబడింది. అందుకే ఆమెకి నవ్వు రాలేదు, జాలి వేసింది. కానీ వెళ్ళిన పని మర్చిపోలేదు.

"ఆ సిగ్గు ఆడిది బాబూ, నీది కాదు. మరి పరీక్ష ఆడికి పెట్టాల గదా? కుర్సీలో కూకున్నోడిని ఏటీ అన్లేక, నీ బస్తాలు మోసినోళ్ళ మీద పడ్డావు. ఆడు నీ మాట నేర్సుకోపోతే నీ పని ఆగిపోతాది. ఫూల్మణి నేర్సుకోపోతే ఎవుల పని ఆగింది సెప్పు?"

నరసింగరావు తక్కెట్లో గుండ్లు సర్దాడు. "అందరూ కలిసి సేసిన తీర్మానం," అన్నాడు. "ఆదివారం నువ్వొచ్చి నాలుగు ముక్కలు మాటాడు. నిన్ను సూసి ఆళ్ళు నేర్సుకుంటారు."

ఆదివారం షెల్టరు మేడమీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఊరు సగం వచ్చింది, వేడుక చూడ్డానికి. బల్ల మీద పెద్ద పుస్తకం, గోడకి చిన్నపిల్లల బొమ్మల అట్ట. ఫూల్మణిని ముందు లేపారు. ఆమె అట్టవైపు చూడలేదు, నేల చూసింది. ఆమె పేరు ఎదర 'రాదు' అని రాశారు. తల నెరిసిన ఒకాయన్ని లేపి ఆవు బొమ్మ చూపించి "ఇదేటి?" అన్నారు. "గాయ్," అన్నాడాయన. మేడంతా నవ్వు. సొంతూళ్ళో నాలుగు ఆవులున్న మనిషి, ఆవంటే తెలీనివాడిలా నవ్వులపాలయ్యాడు.

కొత్తవాళ్ళకే అన్న పరీక్షలో ప్రమోద్ వంతు కూడా వచ్చింది.

"నీ పేరేటి? ఏటి పని సేస్తన్నావు?"

రోజూ వినే ప్రశ్నే. రోజూ చెప్పే జవాబే. కానీ అంతమంది కళ్ళు మీద పడేసరికి అతనికి ఆ నలభై ముక్కలూ ఎటో పోయాయి. "ప్రమోద్... రాయి..." అని ఆగిపోయాడు. వెనక బెంచీనుంచి ఎవరో "రాయి గాదురా, మట్టి" అన్నారు. మళ్ళీ నవ్వు. వెనక కూచున్న రేఖకి మొగుడి మెడ నరాలు బిగుసుకోవడం కనపడింది. పదహారేళ్ళలో ఒకరి జోలికి పోని మనిషి.

"ఇప్పుడు మన రేకమ్మ సూపిస్తాది, ఎలాగ మాటాడాలో!" అన్నాడు నరసింగరావు, ఆమెకి గౌరవం చేస్తున్నాననే అనుకుంటూ.

రేఖ లేచింది. ఆమె నోటి దగ్గర తెలుగు మాటలు మూగి ఉన్నాయి. ఒక్కొక్కటీ దాలమ్మ భుజంతో తోసి నేర్పినవి. కొట్లో అన్నదాన్నే గట్టిగా అనొచ్చు, తిట్టనూవచ్చు. కానీ ఏమన్నా ఈ బల్ల ముందు తెలుగులో అంటే పరీక్ష ఇచ్చినట్టే. ఆమె గెలుస్తుంది, ప్రమోద్ ఓడిపోతాడు, ఫూల్మణి ఓడిపోతుంది, ఈ పుస్తకం నెగ్గుతుంది.

"మోయ్ నీ బోల్బూ," అంది.

"ఏటంటంది?" అన్నాడు నరసింగరావు.

దాలమ్మకి ఇన్నేళ్ళ సావాసంలో ఆమాత్రం సాద్రి తెలుసు. "మాటాడనంటంది," అంది గట్టిగా.

నరసింగరావు కలం పుస్తకం మీద ఆనించాడు. "రేకమ్మా, మాటాడకపోతే తెలుగు రాదని రాయాల. రాసీమంటావేటి?"

రాసుకొమ్మన్నట్టు రేఖ తలూపింది. ఆయన రాశాడు.

ఉగాది రాగానే గేటు దగ్గర్నుంచి బండి తీయించేశారు. దాలమ్మ తన ఇంటి పెరట్లోకి తోయించుకుంది, తోస్తున్నంతసేపూ తిట్టింది. "నోట్లో నాలికుండి మూసుకున్నావు, తిక్కదానా! ఉన్నమాట అందరిలో కడిగీవచ్చు గదా?"

"కడిగితే తప్పట్లు కొట్టీసి, నన్నొక్కదాన్నీ గేటు కాడ ఉంచీదురు. మరి ఆళ్ళు?" అంది రేఖ.

దాలమ్మ ఇల్లు ఊరి చివర, మడుల దారిలో. గేటు దగ్గరి గిరాకీలో సగం కూడా అక్కడికి రాలేదు. ప్రమోద్ మాత్రం ఆ వారమంతా పొద్దున్నే లేచి, అడక్కుండానే పిండి రుబ్బిపెట్టి మిల్లుకి వెళ్ళాడు. లైను గదుల్లోంచి కదిలించిన కుటుంబాలు మడుల పక్కన టార్పాలిన్లు కట్టుకున్నాయి. గదులకి పనికిరాని ఆ మనుషులే తెల్లారేసరికి గోడౌనులో బస్తాలకి పనికొచ్చారు.

చైత్రం వెళ్ళి ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం నరసింగరావు తన స్కూటరు మీద మడుల దారిలో ఎగిరెగిరిపడుతూ వచ్చాడు. పెరట్లో స్కూటరు దిగకుండానే అరిచాడు.

"రేకమ్మా, బేగి రా! బస్తాల వరస జారి ఆ ఫూల్మణి మీద పడ్డాది. బస్తాలు తీసీసేం. ఆళ్ళ మనుసులంతా లారీతో ఎల్లేరు. లేపబోతంటే కేకలెడతన్నాది, ఏటంటన్నాదో ఒక్క ముక్క తెలీటం లేదు!"

రేఖ చేతికి పిండి అలాగే ఉండగా వెనక ఎక్కింది.

గోడౌనులో ఫూల్మణి వెల్లకిలా పడి ఉంది. ఇద్దరు మగవాళ్ళు చంకల కింద చేతులేసి ఎత్తబోతున్నారు. ఆమె ఒకటే మాట అరుస్తోంది. రేఖ గుమ్మంలోంచే విని అరిచింది.

"ఒగ్గీండి! ముట్టకండి! నడుం ఇరిగిపోయిందంటన్నాది, కాళ్ళు తెలీటం లేదంటన్నాది!"

వాళ్ళు చేతులు కాలినట్టు వదిలేశారు. రేఖ పక్కన కూలబడి, ఆమె చెంప మీద చెయ్యేసి, "కహా దుఖాథే?" అని అడిగింది. ఎక్కడ నొప్పి? ఈ ఊరి మనిషి ఆమెని ఆమె భాషలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఫూల్మణి ఏడుస్తూ చోటు చెప్పింది. రేఖ చెప్పినట్టు గోడౌను తలుపు రెక్క ఊడదీసి, దానిమీదకి మెల్లగా జరిపి, కదలకుండా తువ్వాళ్ళతో కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"అలాగే చంకల్లో పట్టి లేపుంటే ఈమె జన్మలో నడిచేది కాదు," అన్నాడు డాక్టరు.

నరసింగరావు వరండా బల్లమీద చాలాసేపు కూచున్నాడు. రేఖ బయటికొచ్చాక లేచి నిలబడ్డాడు.

"రేకమ్మా, రేపట్నుంచి నువ్వు గోడౌన్లోనే ఉండు. ఆళ్ళ మాట నాకు సెప్పడానికి. గేటు కాడ నీ జాగా నీకిచ్చీస్తాను."

రేఖ ఆయన్ని సూటిగా చూసింది. "నానున్నప్పుడే బస్తాలు పడతాయేటి? నువ్వే నేర్సుకో బాబూ. కహా దుఖాథే. మూడు ముక్కలు లేవు. ఆ పుస్తకంలో మా అందరి పేర్లూ కొట్టీదాకా నాను నీతో తెలుగు మాటాడను. ఊరందరితో మాటాడతాను, నీతో మాటాడను."

అన్నంత పనీ చేసింది. రెండు నెలలకి పైగా. ఆయన ఏమడిగినా సాద్రిలోనే జవాబు. పెరటి దగ్గరికొచ్చి బూరెలు అడిగితే అర్థం కానట్టు చూసేది. ఊరికి ఇది బేంకు కథ కన్నా పెద్ద కథైపోయింది. చివరికి నరసింగరావు గోడౌను కూలీల దగ్గరే ఒక్కో ముక్కా పట్టుకున్నాడు. తప్పుల తడకే. రాయిని తినమనీ బస్తాని పడుకోమనీ చెప్పేవాడు. వాళ్ళు పొట్టలు పట్టుకు నవ్వారు. నవ్వించుకున్నాడు, మళ్ళీ అడిగాడు. నవ్వుతూ నేర్పేవాళ్ళు దొరికితే మాట వస్తుందని ఆయనకి అప్పటికి తెలిసింది.

ఫూల్మణి మూడో నెలలో కర్ర సాయంతో నడిచింది. దాలమ్మ వీధిలో మంచం వేయించి, తిట్లతో సహా తెలుగు నేర్పేస్తోంది.

ఆషాఢంలో సంఘం మళ్ళీ షెల్టర్లో కూడింది. ఇద్దరు ముగ్గురు వర్తకులు ససేమిరా అన్నారు. నరసింగరావు వాళ్ళతో వాదించలేదు. పుస్తకంలో ఆ కాగితం చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎవుల గదులు ఆళ్ళవి, ఎవుల బండి జాగా ఆళ్ళది," అన్నాడు. తరవాత రేఖ వైపు తిరిగి, "ఇప్పుడైనా నాతో మాటాడతావేటి?" అన్నాడు.

రేఖ లేచింది. ఊరంతా వినేలా, దాలమ్మ గొంతుతో దాలమ్మ తెలుగే మాట్లాడింది.

"మాటాడతాను బాబూ. పలకరించు, పలుకుతాను. మల్లీ పరీక్షలెట్టీసావంటే మాత్రం మల్లీ మాటాడను. ఈసారి ఈ దాలమ్మ కూడా మాటాడదు."

"మాటాడనంటే మాటాడను," అంది దాలమ్మ కుర్చీలోంచే.