నోయిడాలో మామిడి పిందెల పల్లూ

మా ఆవిడకి చెల్లెలి పెళ్లిలో కట్టుకోవడానికి మామిడి పిందెల పల్లూ కావాల్సొచ్చింది. చేత్తో మగ్గం వర్క్ చేయిస్తే నెల పడుతుంది, పెళ్లికేమో పది రోజులే ఉంది. అందుకే శనివారం ఉదయం ఎనిమిదింటికి చీర పట్టుకుని ద్వారకలో మెట్రో ఎక్కాను. మెట్రో అప్పటికింకా ఇంద్రప్రస్థ దాకానే వేశారు. అక్కణ్నుంచి నోయిడాకి ఆటోవాలా నూట ఇరవై అడిగి వందకి దిగాడు. పదింటికల్లా మెషిన్ మీద ఒక్కరోజులో కుట్టిచ్చే వర్క్‌షాపులో ఉన్నాను.

అక్కడి కరీం మియా ముప్పై ఏళ్లు మగ్గం మీద కుట్టినాయన. ఇప్పుడు ఆయన కూతురు రుక్సానా నెల జీతానికి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ నడుపుతోంది. ఆయన ఆమె పక్కన కూర్చుని పీసుకింత చొప్పున దారాలు కత్తిరిస్తున్నారు. మెషిన్ కుట్టే మామిడి పిందె ఆయన గీసిందేనట. నాకు జాలేసి, "పల్లూ కొంచెమైనా మీరు కుట్టండి మియా," అన్నాను.

రుక్సానా ఒప్పుకోలేదు. "మా అబ్బాకి కళ్లు పోతాయి భయ్యా. నెలంతా వంగి కుట్టినా నా జీతంలో సగం రాదు. ఇప్పుడు ఇంటద్దె టైముకి కడుతున్నాం."

"బేటీ నిజమే చెప్పింది," అన్నారాయన తలెత్తకుండా. మరి నేనెందుకు బాధపడుతున్నానో నాకే అర్థం కాలేదు.

మధ్యాహ్నం రెండింటికి రుక్సానా చీర బిగించిన ఫ్రేమ్ మారుస్తుంటే గుడ్డ జరిగి, చివరి పిందె కుట్టు సగంలోనే తెగింది. మెషిన్ మీద మళ్లీ గీత కలవదని మియా చీర ఒళ్లోకి లాక్కుని ముప్పావుగంట కూర్చుని దాన్ని పూర్తిచేశారు. ఇక్కడ రేటు వెయ్యి కుట్లకింత. రుక్సానా మెషిన్ మీది కుట్ల అంకె చూసి బిల్లు రాసింది, ఆరొందల చిల్లర.

"మరి మియా కుట్టినవి?"

"అవి మెషిన్ లెక్కలో పడవు కదా భయ్యా."

గుర్గావ్ ఆఫీసులో నేను రాసేవీ ఇలా పని లెక్కపెట్టే ప్రోగ్రాములే. సిగ్గేసి వంద నోటు తీశాను. మియా నా చెయ్యి పక్కకి నెట్టి గొంతు తగ్గించారు. "వద్దు సాబ్. నేను తీసుకున్నానని ఓనరుకి తెలిస్తే, గుడ్డ జరిగిన సంగతి బయటపడి బేటీ జీతంలో కోస్తాడు."

ఆరింటికి ఇల్లు చేరాను. మా ఆవిడ పల్లూ అంతా తడిమి, చివరి పిందె దగ్గర ఆగి, "ఇదొక్కటే ఇంత బాగుందేంటి?" అంది. మెషిన్ మియా ఇంటికి మంచే చేసింది, మియాకి మాత్రం చెయ్యలేదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా కుదిరాయో ఇప్పటికీ అంతుపట్టదు. మీరు ఆ వర్క్‌షాపుకి వెళ్తే, పని మొదలుకాకముందే చేతిపనికి వేరే రేటు మాట్లాడి బిల్లులో రాయించండి. తర్వాత ఇస్తే ఆయన తీసుకోలేరు.