హంసలదీవి ఆవిడ

ఏళ్ళుగా ఒక ‘లేదు’ని మోస్తున్నాను. ఒకావిడ నా ఎదురుగా కూర్చుని ‘ఉందా, లేదా’ అని అడిగింది. లేదన్నాను. ఉంది. అంతే సంగతి. చెప్పేశాక ఎంత చిన్నగా కనిపిస్తోందో చూడండి. దీన్ని లోపల పెట్టుకునే నేను పెళ్ళిళ్ళకి వెళ్ళాను, పంక్తిలో కూర్చున్నాను, పదిమందినీ నవ్వించాను.

నవ్వించడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. బందరులో నన్ను ఎరిగినవాళ్ళెవరూ నా మాట పూర్తిగా నమ్మరు. గిలకలదిండి రేవులో ఒక వంజరం చేప నా ఎడమ చెప్పు ఎత్తుకుపోయిందనీ, వారం తిరిగేసరికి అదే చేప కుడి చెప్పు కోసం ఒడ్డు దగ్గర తచ్చాడిందనీ చెబితే, టీ కొట్టు దగ్గర జనం “సైజు సరిపోయిందా బావా దానికి?” అంటారు. అలాంటి అబద్ధాల వల్ల ఎవరికీ ఏమీ కాదు. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. నేను ఇవాళ చెప్పేది ఆ రకం కాదు. వినే మనిషికి తెలియని రకం.

నా పని కంపెనీలకి వీడియోలు చేయడం. పనివాళ్ళకి చూపించే శిక్షణ వీడియోలు. స్క్రిప్టు నేను రాస్తాను, గొంతూ నాదే. కెమెరా, ఎడిటింగ్ ఖాదర్ చూసుకునేవాడు. అప్పట్లో దివిసీమలో ఒక రొయ్యల ఫ్యాక్టరీ వాళ్ళు పిలిచారు. చేతులు ఎలా కడుక్కోవాలి, టోపీ ఎలా పెట్టుకోవాలి, కోల్డ్ స్టోరేజి నుంచి అమ్మోనియా గ్యాసు లీకయితే ఏం చేయాలి. అదీ వాళ్ళకి కావలసిన వీడియో.

ఇలాంటి పని మెట్లు మెట్లుగా నడుస్తుందండీ. ముందు వాళ్ళకేం కావాలో చెబుతారు. మనం స్క్రిప్టు రాస్తాం. వాళ్ళ సేఫ్టీ ఆఫీసరు ప్రతి మాటా చదివి సరేనంటాడు. తర్వాత షూటింగు. తర్వాత బొమ్మల్ని వరసగా అతికించి చూపిస్తాం. బొమ్మ ఖాయమయ్యాకే డబ్బింగు. ఆఖరున మొత్తం ఒకసారి వేసి చూపించి అప్పగింత. ఇందులో ఒక సందు ఉంది. మాటలు చదివిన మనిషి చాలాసార్లు బొమ్మ చూడడు. బొమ్మ చూసే మనిషి మాటలు వినడు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఆ సందు తెలుసు. మామూలుగా అందులోంచి చిన్న చిన్న తప్పులు జారుకుంటాయి. నేను ఏకంగా ఒక మనిషిని దూర్చాను.

ఆ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు ప్రభాకర్ గారు. చాదస్తం అనిపించేంత జాగ్రత్త. గ్యాసు గురించి ఆయన ఖాయం చేసిన మాటలు ఇవి: ‘ఘాటు తగలగానే పని వదిలి, గాలికి ఎదురు దిక్కుగా బయటికి వచ్చేయండి. ఎవరి కోసమూ తిరిగి లోపలికి వెళ్ళకండి.’ కానీ ఆ చోట బొమ్మ పొడుగ్గా ఉంది. ఓనరు గారు కోల్డ్ స్టోరేజి ముందు నడిచే షాటు. అదంటే ఆయనకి ముచ్చట, కొయ్యడానికి వీల్లేదు. నా మాటలు అయిపోయాయి, ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నారు. మైకు ముందు కూర్చుని ఆ మౌనాన్ని చూస్తుంటే నాలుక దురద పెట్టింది. కథ ఉంటే పనివాళ్ళకి గుర్తుంటుంది గదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక ఒక కథ నా గొంతులో నాకే వినాలనిపించిందా? రెండోదే.

‘హంసలదీవి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇలాగే గ్యాసు లీకయితే ఒకావిడ బెదరలేదు. తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకుని లోపలికి వెళ్ళి, పడిపోయిన తోటి మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.’

అలాంటి ఫ్యాక్టరీ లేదు. అలాంటి ఆవిడా లేదు. ఖాదర్ హెడ్‌ఫోన్లు తీసి, “గురువు గారూ, ఇది ప్రభాకర్ గారు చదివిందేనా?” అన్నాడు. ఆయనకి ఫోన్లో చెప్పానులే అన్నాను. చెప్పలేదు. ఆఖరిసారి వేసి చూపించిన రోజు ప్రభాకర్ గారు గుడివాడలో ఏదో పని మీద ఉన్నారు. ఓనరు గారు తన నడక చూసుకుని బాగుందన్నారు. అప్పగింత అయిపోయింది.

ఆ ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే ఆవిడ దీనమ్మ. వీడియోలో చేతులు కడిగే షాటు ఉందే, ఆ చేతులు ఆవిడవే. షూటింగప్పుడు నా చెప్పుల కథ విని అందరికంటే ఎక్కువ నవ్వింది. “ఇంతకీ ఆ చేపకి కాళ్ళెన్నండీ అన్నయ్య గారూ?” అని నా పరువు తీసింది.

కొన్ని నెలలకి నిజంగానే గ్యాసు లీకయింది. అందరితో పాటు దీనమ్మా బయటికి వచ్చేసింది. పక్కన పనిచేసే మనిషి కనబడలేదు. తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆ మనిషి అప్పటికే వెనక గేటు దగ్గర క్షేమంగా ఉంది. లోపల ఎవరూ లేరు. ఎవరూ లేని చోట, పేరు పెట్టి పిలుస్తూ తిరిగింది దీనమ్మ.

ప్రాణం దక్కింది. ఒక కన్ను మసకబారింది. గొంతూ మునుపటి గొంతు కాదు.

ఎందుకు వెళ్ళావని అడిగితే “మీ వీడియోలోనే చెప్పారు గదండీ” అందట. “నేను సరేనన్న స్క్రిప్టులో అలాంటిది లేదే” అన్నారు ప్రభాకర్ గారు. నాకు ఫోను చేసి, హెడ్డాఫీసు వాళ్ళు చూస్తామంటున్నారు, వీడియో పంపండి అన్నారు. అలాంటి మాట ఉందా అని అడగను కూడా లేదు. నా మీద అంత నమ్మకం.

ఫోను పెట్టేసి ఆ వాక్యాలు కోసేశాను. ఓనరు గారు నడిచినంతసేపూ సంగీతం వేశాను. పంపాను. కానీ ఫ్యాక్టరీలో, పనివాళ్ళు బట్టలు మార్చుకునే గది బయట, ఒక టీవీ ఉంది. దాని వెనక నేను అప్పగించిన పాత పెన్‌డ్రైవు ఉంది, ఫ్యాక్టరీలో ఉన్నది ఆ ఒక్క కాపీయే. హంసలదీవి ఆవిడ ఇంకా అందులో బతికే ఉంది. బండి తీశాను. చల్లపల్లి, మోపిదేవి ఎప్పుడు దాటానో తెలియదు.

వీడియోలో చిన్న సర్దుబాటు అన్నాను గేటు దగ్గర. భోజనాల వేళ. ఆడవాళ్ళు గోడవారగా క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. ఎప్పుడూ చేప ఎలా ఉందని పలకరించేవాళ్ళు ఆవేళ క్యారేజీల మీంచి తల ఎత్తలేదు. టీవీ వెనక చెయ్యి పెట్టాను. పెన్‌డ్రైవు బిగుసుకుపోయి రాలేదు. వెనకాల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ లాగాను. వచ్చింది. కొత్తది పెట్టి, పాతది జేబులో వేసుకుని తిరిగేసరికి ప్రభాకర్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“భోంచేశారా?” అన్నారు.

చేశానన్నాను. చెయ్యలేదు.

తిరిగి వస్తూ పులిగడ్డ దగ్గర పెన్‌డ్రైవుని కృష్ణలో విసిరేశాను. స్టూడియోలో పాత ఫైలు కూడా తుడిచేశాను. ఖాదర్ చూశాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు నా దగ్గర ఉండలేదు. గుడివాడలో పెళ్ళి వీడియోలు తీసుకుంటున్నాడు.

మిగతా ఆడవాళ్ళని అడిగితే గుర్తులేదన్నారట. భయమో, లేక నిజంగానే విననేలేదో. శిక్షణ వీడియో ఎవరు చెవి పెట్టి వింటారు? దీనమ్మ వింది. నా జన్మలో నా కథని పూర్తిగా నమ్మి విన్న మనిషి ఆవిడొక్కతే. నియమం తప్పింది, పైగా అబద్ధమాడింది అని ఆవిడని పనిలోంచి తీసేశారు.

ఒక మధ్యాహ్నం స్టూడియోకి వచ్చింది. అవనిగడ్డ బస్సు దిగి, ఎండలో నడిచి. నల్లద్దాలు పెట్టుకుంది. ఆ గొంతు నేను గుర్తుపట్టలేదు.

“అన్నయ్య గారూ, పని పోయిందని రాలేదండి. ఒక్కటి చెప్పండి. వీడియోలో హంసలదీవి ఆవిడ ఉందా, లేదా?”

“హంసలదీవి ఆవిడెవరమ్మా?”

“అదేనండి, తువ్వాలు కట్టుకుని లోపలికెళ్ళింది. మీ గొంతే గదండి చెప్పింది.”

“అలాంటిదేం లేదు దీనమ్మ గారూ.”

“మా చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పానండి ఆవిడ గురించి. అంత ధైర్యం నాకూ రావాలని ప్రార్థన చేయించుకున్నాను. లేనిదాన్ని ఎట్టా చెబుతానండి?”

“ఫోన్లో ఎక్కడో చూసుంటారు. దాన్నీ దీన్నీ కలిపేసుకున్నారు. కావాలంటే చూడండి.”

వేసి చూపించాను. ఆవిడ తెర వైపు చూడలేదు. తల వంచి చెవి పెట్టింది. సంగీతం వచ్చింది. ఓనరు గారు నడిచి వెళ్ళిపోయారు.

“మళ్ళీ పెట్టండి.”

పెట్టాను. ఈసారి సంగీతం అయిపోయాక కూడా ఆవిడ తల ఎత్తలేదు.

“మా అమ్మక్కూడా చివర్లో ఇట్టాగే అయిందండి. లేనివాళ్ళు వచ్చి మాట్లాడారనేది. నాకూ మొదలైందేమో.”

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

“మంచినీళ్ళు తాగుతారా?” అన్నాను.

ఆ ఆదివారం దీనమ్మ చర్చిలో లేచి నిలబడిందట. హంసలదీవి ఆవిడ లేదనీ, తాను దేవుడి సన్నిధిలో అబద్ధపు సాక్ష్యం చెప్పాననీ, క్షమించమనీ సంఘాన్ని అడిగిందట. అందరూ ఆవిడ కోసం ప్రార్థన చేశారట. ఆ ఊరి వాళ్ళు చెబితే విన్నాను. నా తప్పుని ఆవిడ అంతమంది ముందు తనదని ఒప్పుకుంది. నేను పేరు దాచుకుని కాగితం మీద మీకు చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

దేనికి భయపడ్డాను? కేసుకా? పని పోతుందనా? ఇన్నిసార్లు తవ్వుకున్నాక, పైకి చెప్పుకోదగ్గ కారణాలన్నీ ఒక్కొక్కటే పక్కన పెట్టాక మిగిలేది ఏమిటంటే, టీ కొట్టు దగ్గర నా కథకి ఇక ఎవరూ నవ్వరేమోనన్న భయం. దానికోసం ఒక మనిషికి తన చెవుల మీదే నమ్మకం లేకుండా చేశాను. కన్ను పోగొట్టింది గ్యాసు అని ఎప్పుడైనా సర్దిచెప్పుకోగలను. ఇది మాత్రం పూర్తిగా నా చేతి పని.

ఒకసారి ఆ చర్చి దాకా వెళ్ళాను. లోపల పాట నడుస్తోంది. బండి దిగలేదు. పాడుతున్న గొంతుల్లో ఒక గొంతు కోసం వెతుకుతూ కూర్చుని, అది లేదని ఖాయమయ్యాక తిరిగి వచ్చేశాను.

రుజువు నా దగ్గర లేదు. అన్నీ తుడిచేశాను. ఉన్నదల్లా నా మాట, దాని విలువ బందరులో అందరికీ తెలిసిందే. ఇది కూడా చేప కథే అనుకుంటే మిమ్మల్ని తప్పు పట్టను. నా పేరు దాచాను గానీ ఆవిడ పేరు మార్చలేదు. ఆవిడని ఎరిగినవాళ్ళు చదివితే, దయచేసి గట్టిగా చదివి వినిపించండి. కన్ను సరిగ్గా కనబడదు గదా.

దీనమ్మ గారూ, ఆవిడ ఉంది. నేనే పెట్టాను. నా గొంతే. మీరు విన్నారు.

ఉంది.