బీచుపల్లి వంతెన నుంచి సోమశిల సంగమం దాకా

పొద్దున ఆరున్నరకు గద్వాల బస్టాండులో బస్సెక్కి కూర్చున్నానో లేదో, మా ఆయన కిటికీ దగ్గరికొచ్చి మళ్లీ అదే పాట మొదలుపెట్టాడు.

"మోకాలి ఆపరేషనై నాలుగు నెలలు గాలే. జర ఇంట్ల కూసుంటె ఏమైతది? రేపు పోయి ఆఫీసుల పని అడుగు."

"రేపటి సంగతి రేపు. ఇయ్యాల నదిని చూసొస్త," అన్నాను.

నేను కండక్టర్ని. సెలవు అయిపోయింది. బస్సు ఎక్కుతానో, ఆఫీసులో కూర్చుంటానో రేపు డిపోలో చెప్పాలి. ఊగే బస్సులో రోజంతా నిలబడగలనా అని అడిగితే డాక్టరు "మీ ఇష్టమమ్మా" అన్నాడు. ఇదేం వైద్యమో! సరే, నా కాళ్ల సంగతి నేనే తేల్చుకుందామని బయల్దేరాను. పైగా ఇన్నేళ్లూ కృష్ణ మీదుగా తిరిగి కూడా కృష్ణను తీరిగ్గా చూసింది లేదు. బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి పెబ్బేరు లోపు టికెట్లు పూర్తి చేయాలన్న ఆదుర్దాలో ఉంటాను. నదికి తెలిసింది నా వీపే.

ఎర్రవల్లి చౌరస్తా దాటాక వంతెన వచ్చింది. పక్క సీటులోని పెద్దమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల నా చేతిలో పెట్టింది.

"కిటికీ నీ దిక్కున్నది బిడ్డా, గంగమ్మకు ఎయ్యి."

వేసి దండం పెట్టుకున్నాను. తంగిడి దగ్గర భీమను కలుపుకుని, జూరాల దాటి వచ్చిన నీళ్లవి. ఎంత వెడల్పు తల్లీ!

వనపర్తిలో దిగి ఇడ్లీ తిని కొల్లాపూర్ బస్సు పట్టుకున్నాను. మీరు వెళ్తే కుడివైపు సీటు చూసుకోండి, ఎండ తక్కువ. ఆడవాళ్లు ఆధార్ మరిచిపోకండి, పైసా తీసుకోకుండా జీరో టికెట్ కొడతారు. పదకొండు దాటాక కొల్లాపూర్, అక్కడి నుంచి షేర్ ఆటోలో సోమశిల. గుడిలో దర్శనం చేసుకుని, ఒడ్డున వేడివేడి చేపల వేపుడు, జొన్నరొట్టె తిన్నాను. మా ఆయనకు చెప్పలేదు, కుళ్లుకుంటాడు.

ఘాట్ మెట్లు ఒక్కొక్కటే దిగి బోటు దగ్గరికి వెళ్తే, బోటు నడిపే నర్సింలు బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"ఇయ్యాల జనం లేరమ్మా. బోటు నిండితెనే తీస్త, లేకుంటె డీజిల్ పైసలు గూడ ఎల్లవు."

నాకు ఒళ్లు మండింది. జనం లేకపోవడమేమిటి? గుడి దగ్గర కొందరు, చేపల బండి దగ్గర కొందరు, ఫొటోలు దిగుతూ కొందరు ఉన్నారు. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాను. పైన నిలబడి గొంతెత్తాను.

"సంగమం, సంగమం, సంగమం! ఎక్కేటోళ్లు ఎక్కుండ్రి! బోటు పోతుంది!"

నాలుగు నెలలుగా ఇంట్లో మూలుగుతున్న గొంతేనా ఇది! నల్లమల కొండలకు తగిలి తిరిగొచ్చింది. "ఏ ఊరు బస్సక్కా?" అని నవ్వుకుంటూ జనం మెట్లు దిగారు. నేనూ వాళ్ల వెనకే దిగి, ఆఖరున ఎక్కాను. ఎక్కగానే అలవాటు ఊరుకుంటుందా?

"ముందుకు జరగండి, ముందంతా ఖాళీగుంది!"

అందరూ బుద్ధిగా ముందుకు జరిగారు. బోటు ముక్కు నీళ్లలోకి వంగింది.

"అమ్మో! ముందుకు జరిపితె మునుగుతం తల్లీ! ఇది బస్సు గాదు!" అని నర్సింలు లబోదిబోమన్నాడు.

"ఎనకకు! సగం మంది ఎనకకు!" అని సర్దాను. బోటంతా ఒకటే నవ్వు, నేనూ నవ్వాను.

ఏటి మధ్యకు వెళ్లాక నర్సింలు చెయ్యి చాపాడు.

"అగో, గా దిక్కుకెల్లి తుంగభద్ర వస్తది. ఈడ ఏడు నదులు గలుస్తయని మా పెద్దలంటరు. సంగమేశ్వరుని గుడి ఇప్పుడు నీళ్ల కిందనే ఉన్నది."

ఎటు చూసినా నీళ్లే. తుంగ, భద్ర, భీమ... ఎవరు ఎక్కడ ఎక్కితేనేం, ఇక్కడ అందరూ కృష్ణే. కళ్లు తిప్పుకోలేకపోయాను. అంతలో ఒక ముసలమ్మ లైఫ్ జాకెట్ పట్టీ ఊడితే లేచి బిగించాను. అవతల ఇంకొకరిది, ఆ పక్కన మరొకరిది. బోటు మలుపు తిరిగి గట్టిగా ఊగింది.

"అక్కా, ఏదన్న పట్టుకో!" అని ఎవరో అరిచారు.

అప్పుడు చూసుకున్నాను. రెండు చేతులూ పట్టీ మీదే ఉన్నాయి. దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉన్నాను. మోకాలు కిక్కురుమనలేదు. ఆ సంతోషానికి ఏడుపొచ్చింది. నీళ్ల తుంపర అనుకోనీ అని కళ్లు తుడుచుకోలేదు.

సాయంత్రం వనపర్తిలో గద్వాల బస్సు కిటకిటలాడుతోంది. ఒక పిల్లవాడు సీటిస్తానన్నా వద్దన్నాను. పెబ్బేరు దగ్గర మా ఆయన ఫోన్ చేశాడు.

"యాడున్నవ్? కాలెట్లుంది?"

చెప్పబోతుంటే చూశాను. కండక్టరమ్మాయి జనంలో ఇరుక్కుని కదల్లేకపోతోంది. ఫోన్ చెవి దగ్గరే ఉంది, గొంతు ఆగలేదు.

"ముందుకు జరగండి! ముందంతా ఖాళీగుంది!"

బస్సంతా జరిగింది.

"సరె తియ్," అన్నాడు మా ఆయన. "రేపు ఎన్ని గంటల బస్సుకు డ్యూటీ ఎక్కుతవో చెప్పు, టిఫిన్ డబ్బ కట్టిస్త."