“నా కణాలు ఎట్లున్నయి?”

అవి ఎస్టీడీ బూత్‌ల రోజులు. గద్వాలలో ఒంటరిగా ఉంటూ మగ్గం మీద చీరలు నేసేవాణ్ణి. గోడలకు సున్నం వేస్తుంటే కంట్లో పడి ఒక కంటి చూపు పోయింది. హైదరాబాదు డాక్టర్లు మంచి కంటి అంచున బియ్యపు గింజంత ముక్క తీశారు. అందులోని మూలకణాలను ల్యాబ్‌లో పెంచి, పెరిగితే చెడిన కంటికి అతికిస్తామని చెప్పి ఇంటికి పంపారు. లైబ్రరీలో సైన్సు పుస్తకాలన్నీ తిరగేసినవాణ్ణి. అలాంటి కణాలు ఎంత సులువుగా చచ్చిపోతాయో నాకు తెలుసు. అందుకే రోజూ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎట్లున్నయని అడిగేవాణ్ణి.

ఒక సాయంత్రం బూత్ నడిపే నర్సింలు ఉండబట్టలేక అడిగాడు.

“దవాఖానల ఎవరున్నరన్నా, పిల్లలా?”

“నా కణాలు.”

“గవిటికి గూడ రోజూ ఫోన్ చేస్తవా!” అని నవ్వాడు.

ఆ రోజు ఆసుపత్రి మేడం, “బాగా పెరిగాయండీ. ఆపరేషన్‌కు రండి. తోడుగా ఒకరిని తెచ్చుకోండి” అంది. సంతోషంతో ఆమె మాటలను ఇంకోసారి చెప్పించుకున్నాను.

రిసీవర్ పెట్టగానే నర్సింలు, “ఇంకెవరికన్న చెయ్యాల్నా?” అన్నాడు.

ఎంత ఆలోచించినా ఒక్క నంబరూ గుర్తుకు రాలేదు.

“లేదు తమ్మీ” అన్నాను. మరునాడు ఒక్కణ్ణే బస్సెక్కాను.

ఇప్పుడు రెండు కళ్లతో చదువుతున్నాను. అయినా చూపు వచ్చిన రోజు కన్నా, మంచి కబురు చెప్పుకోవడానికి మనిషి లేని ఆ సాయంత్రమే నాకు ఎక్కువ గుర్తు.