మా అవ్వ కోరుకున్న కదలిక

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం ఒక చెయ్యి కదలాలని ఎదురుచూశాం. పక్షవాతంతో పడిపోయిన మా తాతయ్య కుడి చెయ్యి అది. కుప్పం వైపు నుంచి పుంగనూరు సంతకు వచ్చే నాటువైద్యుడు ఒకడు నూనె ఇచ్చి, మూడు నెలల్లో చెయ్యి దానంతటదే ఆడుతుందని మా అవ్వకు మాట ఇచ్చాడు. ఆమె రోజూ ఆ నూనెతో మర్దన చేసేది.

అతను అన్నట్టే ఒక పొద్దున ఆ చేతివేళ్లు టపటపా కొట్టుకున్నాయి. "సూడండ్రా, చెయ్యి ఆడతాండాది!" అని అవ్వ కేక పెట్టింది. నేను గంతులు వేశాను. తాతయ్య మూతి ఒక పక్కకు లాగుతోందని మాలో ఎవరమూ గమనించలేదు. అవ్వ వీధంతా చక్కెర పంచింది.

పక్కింటి అక్క మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె చూడటానికి వచ్చినప్పుడు ఆమె ఎదుటే చెయ్యి మళ్లీ కొట్టుకుంది.

"ఇది చెయ్యి బాగై ఆడతాండేది కాదవ్వా, ఫిట్స్. పక్షవాతంతో మెదడు దెబ్బతినింది కదా, ఆడ్నుంచి వస్తాండాయి."

"మా ఇంట్లో మంచి జరిగితే నీకు యాల కడుపుమంట?" అంది అవ్వ.

అక్క ఆ మాట పడి కూడా తాతయ్యను బస్సులో మదనపల్లెకు తీసుకుపోయి మాత్రలు రాయించుకొచ్చింది. ఒక్క పూట కూడా మానొద్దని చెప్పింది.

మాత్రలతో ఫిట్స్ ఆగాయి. చెయ్యి కూడా ఆగింది. ఆడే చేతిని మాత్రలే చంపేశాయని అవ్వ కుమిలిపోయింది. ఎవరికీ చెప్పకుండా వాటిని మాన్పించి, మళ్లీ నూనె పట్టింది.

నాలుగో రోజు చెయ్యి ఆడింది. ఈసారి దానితోపాటు ఒళ్లంతా కొట్టుకుంది, ఆగలేదు. అక్క పరుగెత్తుకొచ్చి తాతయ్యను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆసుపత్రికి చేరేలోగా ఆయన పోయాడు.

"నేనే సంపినానా అమ్మా?" అని అవ్వ అక్కను అడిగింది. అవునని చెప్పాలని నేను పళ్లు బిగబట్టి కోరుకున్నాను.

అక్క ఆమె చేతులు పట్టుకుంది. "లేదవ్వా. మాత్తర్లేస్తే చెయ్యి కూడా ఆగిపోతాదని నీకు ముందే చెప్పాల్సింది. చెప్పలా. తప్పు నాది."

తర్వాత బతుకంతా మూఢనమ్మకాలతో పోట్లాడాను. ఆ నూనె అమ్మినవాడి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోను కూడా. కానీ నమ్మి మోసపోయిన మనిషి ఎదురైతే మాత్రం నా గొంతు తగ్గుతుంది. ఆ మనిషికి మనం ఏం చెప్పకుండా వదిలేశామో ముందు నన్ను నేను అదే అడుగుతాను.