పడొచ్చు అన్న ఒక్క మాట

చాలా ఏళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి వేరే సంగతులేవో చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ వాక్యాన్ని నమ్మకండి.

వరంగల్‌లో కరెంటు పని చేసేవాణ్ణి. ఇళ్లలో వైరింగు, బోర్డులు, ముఖ్యంగా ఫ్యాన్లు. డెబ్భైల చివర్లో మామూలు ఇళ్లలోకి అప్పుడప్పుడే సీలింగు ఫ్యాను వస్తోంది. ఎవరింట్లోనైనా ఫ్యాను బిగిస్తున్నారంటే చుట్టుపక్కల వాళ్లు గుమ్మంలో గుమిగూడేవారు. వాళ్లు చూస్తుండగా పని చేయడం నాకు ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

త్వరగా బిగిస్తాడని నాకు పేరు. వేరేవాళ్లు పదే పదే నిచ్చెన ఎక్కి దిగుతూ పూటంతా చేసే పనిని నేను ఒక్కసారి ఎక్కి ముగించేవాణ్ణి. అందులో మాయ ఏమీ లేదు. చేయగలిగినదంతా నేల మీదే చేసేయాలి. రాడ్డులోంచి వైర్లు లాగి, మోటారుకు రాడ్డు బిగించి, పైన అతుకును దాచే గిన్నెలాంటి మూతను ముందే రాడ్డుకు తొడిగి, కావలసిన సామానంతా చొక్కా జేబులో వేసుకుని అప్పుడు ఎక్కాలి. పైకి వెళ్లాక కొక్కేనికి తగిలించి, బోల్టు దూర్చి, నట్టు బిగించాలి. బోల్టు చివర చిన్న రంధ్రం ఉంటుంది. అందులో స్ప్లిట్ పిన్ను దూర్చి దాని రెండు కాళ్లూ విడదీసి వంచాలి. ఫ్యాను అదురుకు నట్టు వదులైనా ఆ పిన్ను దాన్ని ఊడిపోనివ్వదు. తర్వాత కింది నుంచి అందించిన రెక్కలు ఒక్కొక్కటే బిగించి, మూతను పైకి జరిపి స్క్రూ తిప్పేస్తే అయిపోయినట్టే. ఇక ఆ మూత లోపల ఏముందో, ఏం లేదో బయటివాళ్లకు కనపడదు.

కొత్తవాడలో కొమురయ్య అనే ఆయన జంపఖానాలు నేసేవాడు. ముందు గదిలోనే మగ్గం. ఎండాకాలం పెంకుల కింద కూర్చుని నేయలేక, మగ్గం మీదికి గాలి వచ్చేలా దూలానికి ఫ్యాను పెట్టమని నన్ను పిలిపించాడు. ఇంట్లో ఆయన భార్య నర్సవ్వ, కొడుకు సత్యం, కోడలు అనసూయ. అనసూయది నర్సంపేట. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నన్ను మొదటి రోజు నుంచే అన్నా అని పిలిచింది.

ఆ రోజు సుబేదారిలో ఒక ఆఫీసరు గారింట్లో ఇంకో పని ఒప్పుకుని ఉన్నాను. ఆలస్యమవుతోంది. గుమ్మం నిండా జనం. నట్టు బిగించాను. పిన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాను. చెమట పట్టిన వేళ్లలోంచి అది జారి కింద నూలు కుప్పలో పడింది. ఎవరూ చూడలేదు. కిందనున్న నా సంచిలో ఇంకో పిన్ను ఉంది. దిగాలి, లేదా అందించమని అడగాలి. ఎందుకు అడగలేదు? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో చెప్పలేను. సమయం లేక అని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. అది కాదు. సంచి పైకి అందించడానికి ఎంతసేపు పడుతుంది? ఇతను ఒక్కసారి ఎక్కితే పని పూర్తయినట్టేనని అప్పుడే ఎవరో పక్కవాళ్లతో అంటున్నారు. ఆ మాట విన్నాక, సామాను జారిపోయిందని నోటితో చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అంతే. నట్టును ఇంకాస్త బలంగా బిగించాను. రేపు ఇటు వచ్చినప్పుడు వేద్దామనుకున్నాను. మూత పైకి జరిపాను.

మర్నాడు వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. కొత్తవాడ మీదుగా వెళ్తే వాళ్ల ఇంటి ముందు సైకిలు నెమ్మది చేసేవాణ్ణి. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడితే ప్రాణం కుదుటపడేది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే ఇంకేమీ కాదులే అనుకునేవాణ్ణి. కానీ సైకిలు నెమ్మది చేయడం మాత్రం మానలేదు. భయం లేనివాడు ఎందుకు నెమ్మది చేస్తాడు?

ఒకరోజు కిరాణా కొట్టు దగ్గర అనసూయ కనబడి, ఫ్యాను టకటకమంటోంది, ఒకసారి వచ్చి చూడమంది. కొత్తలో బేరింగు అలాగే మోగుతుంది, ఏం కాదన్నాను. ఆ సాయంత్రమే పోయి చూద్దామనుకున్నాను. ఎవరో వైరు కాలిందని పిలిస్తే అటు పోయాను. నిజం చెప్పాలంటే ఆ పిలుపు రావడం నాకు హాయిగా అనిపించింది.

కొన్నాళ్లకు మధ్యాహ్నం వేళ సత్యం రొప్పుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఫ్యాను ఊడి పడిందని, నాన్న మగ్గం మీద కూర్చుని ఉండగా కుడి భుజం మీద పడిందని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పాడు. నన్ను అనడానికి రాలేదతను. పైన కరెంటు వైర్లు వేలాడుతున్నాయి, వచ్చి సరిచేయమని పిలవడానికి వచ్చాడు. దారంతా అతని వెనక సైకిలు తొక్కుతూ, ఆ ఇంట్లో ఇప్పటికే అందరికీ తెలిసిపోయి ఉంటుందనే అనుకున్నాను. నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. నా పని పోతుంది. ఆ గాయపడిన మనిషి గురించి ఎంత ఆలోచించాను? చాలా కొంచెం.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. కొక్కెం అలాగే ఉంది. అదురుకు నట్టు వదులై ఊడిపోయింది, బోల్టు జారింది. చూడగానే నాకు అర్థమైపోయింది. దిగేసరికి నర్సవ్వ ఎదురుగా నిలబడి ఉంది.

"ఏమైందయ్యా? కొత్త పంకా గిట్ల కూలుతదా? మా ఇంటాయన చెయ్యి నుజ్జయిపాయె."

తలుపు పక్కన నిలబడ్డ అనసూయ అంది: "అన్నా, టకటక చప్పుడైతాందని నేను మొన్న నీకు చెప్పిన గద. ఏం గాదంటివి."

ఆ అమ్మాయి నా మీద నేరం మోపడం లేదు. గుర్తుచేస్తోంది, అంతే. కానీ నాకు అందరి ముందూ నా చొక్కా పట్టుకున్నట్టయింది.

"ఉత్త చప్పుడుకే పంకా పడతదా చెల్లె?" అన్నాను. "దుమ్ము వట్టినా చప్పుడైతది." తర్వాత, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. "బూజు దులిపేటప్పుడు ఎవలన్న కర్ర తాకిచ్చిన్రా?"

నర్సవ్వ కోడలి వైపు తిరిగింది. "బూజు దులిపింది నువ్వే గదనే?"

"దులిపిన అత్తమ్మా. గని పంకాకు తాకలే. ఒట్టు."

"తాకకుంట ఎట్ల వడ్డదే?" నర్సవ్వ మళ్లీ నన్నే అడిగింది. "నువ్వు చెప్పయ్యా. కర్ర తాకితే పడతదా?"

అనసూయ నన్నే చూస్తోంది. పడదని చెప్పమన్నట్టు చూసింది. చీపురు కర్ర తగిలితే బిగించిన ఫ్యాను పడదని నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు.

"గట్టిగ తాకితే పడొచ్చు," అన్నాను.

ఇదీ నా నేరం. పిన్ను వేయకపోవడం అజాగ్రత్త అని ఎవరైనా క్షమించవచ్చునేమో, నాకు తెలియదు. ఈ మాట అజాగ్రత్త కాదు. తెలిసి అన్నాను. నేనేమీ కోడలి పేరు చెప్పలేదు కదా, అడిగినదానికి పడొచ్చు అన్నానంతే కదా అని తర్వాత ఎన్నో రకాలుగా తిప్పుకున్నాను. ఎలా తిప్పినా అది అబద్ధమే.

ఫ్యాను మళ్లీ బిగించాను. ఈసారి పిన్ను వేశాను. నర్సవ్వ చాయ్ ఇచ్చింది. తాగాను.

కొమురయ్య భుజం ఎముక అతుక్కుంది గానీ చెయ్యి పైకి లేవలేదు. మగ్గం సత్యం ఎక్కాడు. పెద్దాయన ఆడవాళ్ల పక్కన కూర్చుని ఎడమ చేత్తో నూలు కండెలు చుట్టేవాడు. అనసూయను కొన్ని నెలలు నర్సంపేటలో పుట్టింట్లో వదిలేశారు. కాలు పెట్టిన ఏడాదిలోనే మామ చెయ్యి తీసిందని వాడకట్టులో అనుకున్నారు. పెద్దమనుషులు మాట్లాడాక తీసుకొచ్చారు. ఇవన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. చెప్పడానికి రెండుసార్లు బయలుదేరాను. ఒకసారి వాళ్ల సందు మొదట్లోంచి తిరిగొచ్చాను. ఇంకోసారి గుమ్మం దాకా వెళ్లి, ఫ్యాను బాగా తిరుగుతోందా అని అడిగి వచ్చేశాను.

ఆ తర్వాత నా చెయ్యి నెమ్మదించింది. ప్రతి పిన్నునూ వంచాక మళ్లీ తడిమి చూసేవాణ్ణి. దిగాక మళ్లీ ఎక్కేవాణ్ణి. వీడికి ఏమైంది, ముసలోడైపోయాడా అని నవ్వేవారు. పెళ్లిళ్లలో భోజనానికి కూర్చోబెడితే నెత్తి మీద ఏముందో చూడకుండా ముద్ద దిగేది కాదు. ఇదంతా చెబుతున్నది జాలి కోసం కాదు. నిజంగా కాదా? ఏమో, కొంచెం జాలి కోసమేనేమో.

ఎనభైల మధ్యలో సత్యం మళ్లీ పిలిచాడు. తండ్రి పోయాడు. వాళ్లు హన్మకొండలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఈ అద్దె ఇంట్లో ఫ్యాను వద్దని అనసూయ ఇన్నాళ్లూ అంటూ వచ్చిందట. కూతురికి చెమటకాయలు లేచి ఏడుస్తుంటే చివరకు ఒప్పుకుందట. నేను బిగిస్తున్నంతసేపూ ఆమె లోపలికి రాలేదు. కూతురి చెయ్యి పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

"నీకు పంకా అంటే బయమెందుకమ్మా?" అని ఆ పిల్ల అడిగింది.

"మీ తాత చెయ్యి నా వల్లనే పోయింది బిడ్డా. బూజు దులుపుకుంట కర్ర తాకిచ్చిన. తాకినప్పుడు ఠంగుమన్నది. నాకింక యాదికున్నది."

ఒకప్పుడు తాకలేదని ఒట్టు పెట్టిన మనిషి. జరగని దాని చప్పుడు కూడా ఇప్పుడు ఆమె చెవిలో ఉంది. ఇంట్లోవాళ్లు అనీ అనీ ఆమెను నమ్మించారు. వాళ్లను నమ్మించింది నేను.

"చెల్లె," అని పిలిచాను.

"ఏందన్నా?"

ఆమె గుమ్మం దాకా వచ్చి తలెత్తి చూసింది. ఆ ముఖంలో నా మీద అనుమానం ఇసుమంతైనా లేదు.

"గీ పంకాకు ఏం గాదు. ఫికర్ వెట్టుకోకు," అన్నాను.

"నువ్వు బిగిచ్చినంక నాకేం ఫికరన్నా," అంది.

ఆ తర్వాత వాళ్లు ఎక్కడికో ఇల్లు మారారు. వెతికితే దొరకరా? దొరుకుతారు. నేను వెతకలేదు. ఇప్పుడు వెళ్లి చెబితే ఆమె బరువు దిగుతుందా, లేక ఇన్నేళ్లూ ఊరికే మోశానని కుమిలిపోతుందా అని నన్ను నేను అడుగుతుంటాను. ఆ ప్రశ్న కూడా ఆమె కోసం కాదని, నేను దాక్కోవడానికేనని నాకు తెలుసు.

ఎవరో క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించాల్సిన ఇద్దరిలో ఒకాయన లేడు. ఇంకొకరికి తనను క్షమాపణ అడగాల్సిన మనిషి ఒకడున్నాడనే తెలియదు. మీకు మాత్రం తెలిసింది. కొమురయ్య చెయ్యి పోయింది నా వల్ల. అనసూయ కర్ర ఫ్యానుకు తాకలేదు. ఈ రెండు వాక్యాలూ ఇంతవరకూ నా నోట రాలేదు. ఇప్పుడు కాగితం మీద ఉన్నాయి. వాటిని కొట్టేయాలని నాకు అనిపించడం లేదు.